నిలిచిపోయిన పాత కారు: దోషము ఎక్కడ?

తాండూరు నుండి ధారూరు మీదుగా వికారాబాదు వచ్చే రోడ్డు చివరకు వచ్చేసరికి అనంతగిరి కొండ నెక్కుతుంది. మూసీ నది పుట్టినది ఈ కొండలలోనే. వీటికి తూర్పున పడిన వాన మూసీలో చేరుతుంది. పడమట పడిన వాన కాగ్నా వైపు సాగుతుంది. మే నెలలో ఒక మధ్యాహ్నము మా పాత అంబాసిడర్ కారు ఏ యిబ్బందీ లేకుండా ఈ ఘాట్ రోడ్డు ఎక్కినది. పైన చెట్ల నీడలో నిలిపి, ఇంజను ఆపి, టీ త్రాగినాము. పావుగంట తరువాత బయలుదేరబోతే సెల్ఫు తిరుగుతున్నది గాని ఇంజను అంటుకొనడము లేదు.

చుట్టూ చేరినవారు తలకొక మాట అన్నారు. కాయిలు పోయినదని ఒకరు, పెట్రోలులో నీళ్ళు కలిసినవని ఒకరు, బ్యాటరీ ముసలిదైనదని మరొకరు. అరగంట గడిచిన తరువాత, ఎవరూ ఏమీ చేయకుండానే, ఇంజను తనంతట తానే మంచిదై పోయినది. మరునాడు ఒక గ్యారేజీలో చూపిస్తే కాయిలు మార్చినారు. పది రోజుల తరువాత అదే కొండ మీద, అదే ఎండలో, కొత్త కాయిలుతో సహా కారు మళ్ళీ నిలిచిపోయినది.

ఈ రెండవసారి మేము చేసిన పని ఏమిటో చెప్పే ముందు పాత కారు అంటే ఏమిటో చెప్పుకొనవలె. బ్రిటనులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారము చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్ 1950వ దశకము చివరి నుండి 2014 మే వరకు వెలువడినది. బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని దానికి తోడు. ఈ కార్లలో అధిక భాగము కార్బురేటరుతోనూ, పాయింట్లతోనూ నడిచేవి. నేటి కార్లలో ఒక చిన్న కంప్యూటరు ఉండి, ఏ భాగము సరిగా పనిచేయకపోయినా ఒక సంకేత సంఖ్య రూపములో దానిని జ్ఞాపకము పెట్టుకొంటుంది. పాత కారుకు అటువంటి జ్ఞాపకము లేదు. అయితే దాని పని అంతా కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది, చేతికి తగులుతుంది. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక చిన్న బల్బు, కొంత ఓపిక ఉంటే చాలా దోషములను రోడ్డు ప్రక్కనే కనిపెట్టవచ్చును.

పెట్రోలు ఇంజను నడవవలెనంటే మూడు కావలె. పెట్రోలు ఆవిరి, గాలి తగిన పాళ్ళలో కలిసి సిలిండరులోనికి రావలె. బరువున చూస్తే ఒక పాలు పెట్రోలుకు ఇంచుమించు పదిహేను పాళ్ళ గాలి. ఆ మిశ్రమము పిస్టను ఒత్తిడికి నలిగి సంపీడనము పొందవలె. సరియైన క్షణములో దానికి నిప్పురవ్వ తగలవలె. నిన్న బాగా నడిచిన ఇంజను నేడు హఠాత్తుగా నిలిచినదంటే సంపీడనము ఒక్క రాత్రిలో నాలుగు సిలిండర్లలోనూ పోదు గనుక, అనుమానము మొదట రవ్వ మీదికీ, పెట్రోలు మీదికీ పోవలె. ఈ రెండింటిని విడదీసి చూడడమే మొదటి పరీక్ష.

రవ్వను చూడడము తేలిక. డిస్ట్రిబ్యూటరు మూత నడుమ నుండి కాయిలుకు పోయే లావుపాటి తీగ కొనను ఊడదీసి, ఎండిన కర్ర పటకారుతోగాని బట్టల క్లిప్పుతోగాని పట్టుకొని, ఇంజను ఇనుముకు పావు అంగుళము ఎడముగా ఉంచి, మరొకరిచేత సెల్ఫు కొట్టించవలె. నీలిరంగు రవ్వ టక్కు టక్కుమని దూకినట్లయితే కాయిలు, పాయింట్లు, కండెన్సరు పనిచేస్తున్నట్లే. పసుపుపచ్చగా, సన్నగా వచ్చినా, రాకపోయినా దోషము ఆ ప్రక్కనే ఉన్నది. ఈ తీగలో పదివేల వోల్టులకు పైగా ఉంటుంది గనుక ఉత్త చేతితో పట్టుకొనరాదు. దగ్గరలో పెట్రోలు కారుతున్నట్లయితే ఈ పరీక్ష అసలే చేయరాదు.

పన్నెండు వోల్టుల బ్యాటరీ నుండి పదివేల వోల్టులు ఎట్లా వచ్చినవి? ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే ఇక్కడ పనిచేస్తున్నది. కాయిలులో లావు తీగ చుట్లు కొన్ని, సన్న తీగ చుట్లు వేలకొలది ఉంటవి. లావు తీగలో మూడు నాలుగు ఆంపియర్ల ప్రవాహము పోతుండగా పాయింట్లు దానిని తటాలున తెంచివేస్తవి. అయస్కాంత క్షేత్రము ఒక్కసారిగా కూలిపోతుంది. సన్న తీగలో గొప్ప వోల్టేజి పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు ఈ తెంపుడు సెకనుకు నూరుసార్లు జరుగుతుంది. తెంపినచోట ప్రవాహము రవ్వగా దూకకుండా ఆపేది కండెన్సరు. అది పాడైనప్పుడు పాయింట్ల మధ్య రవ్వలు లేచి వాటి ముఖములు గుంటలు పడతవి. ప్లగ్గు దగ్గరి రవ్వ బలహీనమవుతుంది. అంబాసిడర్ పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాటి నడుమ అంగుళములో వెయ్యింట పదిహేను వంతుల సందు, ప్లగ్గు కొనల నడుమ వెయ్యింట ఇరవైయైదు వంతుల సందు ఉండవలె. ఫీలరు గేజి అనే సన్నని ఉక్కు రేకుల కట్టతో దీనిని కొలుస్తారు. భౌతికశాస్త్రము బోధించేవారు మెకానిక్కును అడిగి ఒక పాత కాయిలు, పాయింట్ల జత సంపాదించుకొన్నట్లయితే ప్రేరణ పాఠము చెప్పడానికి అంతకన్న మంచి సాధనము దొరకదు.

అనంతగిరి మీద రెండవసారి నిలిచినప్పుడు మేము వెంటనే చేసినది ఈ రవ్వ పరీక్షయే. మొదటిసారి చేసిన తప్పు కాయిలు మార్చడము కాదు. కారు మంచిదైన తరువాత పరీక్షకు తీసుకొనిపోవడము! వేడికి వచ్చే దోషము చల్లబడితే సాక్ష్యము మిగల్చకుండా పోతుంది. ఇటువంటి దోషము ఉన్నప్పుడే, ఉన్నచోటనే దానిని పట్టుకొనవలె. రవ్వ నీలిరంగులో చక్కగా దూకినది. అంటే కాయిలుకు ఏ పాపమూ తెలియదు. బహుశా పాత కాయిలుకు కూడా తెలియదు.

తరువాత పెట్రోలు. రవ్వ పుట్టకుండా కాయిలుకు పోయే సన్న తీగను ఊడదీసి, కార్బురేటరుకు వచ్చే పైపును విప్పి దాని కొనను ఒక సీసాలో పెట్టి సెల్ఫు కొట్టినాము. పంపు సరిగా ఉంటే పెట్రోలు చిమ్ముతూ రావలె. రెండు మూడు బుడగలు తప్ప ఏమీ రాలేదు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉన్నది. (వేడి సైలెన్సరు గొట్టము మీద ఒక్క చుక్క పడినా ప్రమాదమే. దగ్గర బీడీ, సిగరెట్టు ఉండరాదు. విద్యార్థులు ఈ పరీక్షను పెద్దలు లేకుండా చేయరాదు.)

ఉన్న పెట్రోలు ఎందుకు రాలేదు? నీటికి ఉన్నట్లుగా పెట్రోలుకు ఒకే మరుగు స్థానము లేదు. అది అనేక ద్రవముల మిశ్రమము. అందులో తేలికైనవి 35 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే మరగడము ప్రారంభిస్తే, బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతవి. అంబాసిడర్‌లో ట్యాంకు వెనుక ఉన్నది, పంపు ముందు ఇంజనును ఆనుకొని ఉన్నది. పంపు పీల్చుకొనే పెట్రోలు పైపులో పీడనము తగ్గుతుంది. పీడనము తగ్గితే ద్రవము ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. కారు నడుస్తున్నంతసేపు ఫ్యాను గాలి, చల్లని పెట్రోలు ప్రవాహము పైపును కాపాడుతూ ఉంటవి. ఇంజను ఆపగానే ఆ రెండూ ఆగిపోతవి. ఇనుములో నిలువ ఉన్న వేడి మాత్రము పైకి వస్తూనే ఉంటుంది. అందుచేత కొండ ఎక్కేటప్పుడు నిలువని కారు, ఎక్కి విశ్రాంతి తీసుకొన్న తరువాత నిలిచిపోయినది. పంపు పొర పైకి క్రిందికి ఆడుతున్నా అది ఆవిరిని నలుపుతున్నది, సాగదీస్తున్నది; పెట్రోలును తోయడము లేదు. దీనిని మెకానిక్కులు వేపరు లాకు అంటారు. మనము ఆవిరి బిగింపు అనవచ్చును.

పంపు మీద, పైపు మీద తడిగుడ్డ కప్పి నీళ్ళు చిలకరిస్తే మూడు నిమిషములలో ఇంజను అంటుకొన్నది. (పంపుకు గాజు గిన్నె ఉంటే దానికి చన్నీళ్ళు తగలనీయరాదు, ఇంజను ఇనుము మీద గుమ్మరించరాదు. రెండూ పగులుతవి.) ఇంతటితో సంగతి తేలినదని మేము సంతోషించినాము గాని, మా బడిలో రసాయనశాస్త్రము చెప్పే మిత్రుడు ఒప్పుకొనలేదు. ‘మొదటిసారి ఏమీ చేయకుండానే అంటుకొన్నది గదా, ఈసారి కూడా తడిగుడ్డ లేకపోయినా అంటుకొనేదేమో’ అన్నాడు. ఆ మాట న్యాయమే. మరొక మధ్యాహ్నము ఎండలో కారును కావలెనని నిలిపి, తడిగుడ్డ వేయకుండా గడియారము పెట్టుకొని ప్రతి మూడు నిమిషములకు ఒకసారి సెల్ఫు కొట్టి చూచినాము. ఇరవైయేడవ నిమిషము దాకా అంటుకొనలేదు. ఇంకొక రోజు తడిగుడ్డతో చూస్తే మళ్ళీ మూడు నాలుగు నిమిషములే. అప్పుడు అతడు కూడా ఒప్పుకొన్నాడు. కారు క్రిందికి దూరి చూస్తే, ఎప్పుడో జరిగిన మరమ్మతులో పెట్రోలు పైపును సైలెన్సరు గొట్టానికి దాదాపు ఆనించి బిగించినారని తెలిసినది. దానిని రెండంగుళములు ఎడముగా వంచి, నడుమ ఒక రేకు బిగించినాము. కాయిలు ధరలో పదోవంతు కూడా కాలేదు.

కండెన్సరు, కాయిలు కూడా వేడికి మొరాయించి చల్లబడగానే మంచివవుతవి. పై లక్షణములు చూస్తే వాటికీ ఆవిరి బిగింపుకూ భేదము కనబడదు. నిలిచిన క్షణములో రవ్వ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నయే వాటిని విడదీస్తుంది. రెండు భాగములు ఒకేసారి మార్చినవారికి కారు మంచిదైనా, దోషము దేనిదో ఎన్నటికీ తెలియదు.

ఇక రేడియేటరు. తాండూరు చుట్టుప్రక్కల భూమిలో ఉన్నది సున్నపురాయి. ఇళ్ళలో పరచే తాండూరు బండలు ఆ రాతి పొరలే. సిమెంటు కర్మాగారములు ఇక్కడికి వచ్చినది కూడా ఆ రాతి కోసమే. అటువంటి పొరల గుండా ఊరిన బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. పాఠ్యపుస్తకములో తాత్కాలిక కాఠిన్యము అని చదివేది దీనినే. నీరు కాగినప్పుడు బైకార్బొనేటు విడిపోయి, బొగ్గుపులుసు వాయువు లేచిపోయి, కాల్షియం కార్బొనేటు తెల్లని పెంకుగా గోడలకు పట్టుకొంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున కనబడే పెంకు ఇదే. రేడియేటరు గొట్టములు రాగితోనో ఇత్తడితోనో సన్నగా చేసినవి; రాగితో పోలిస్తే ఈ పెంకు ఉష్ణమును నూరింతలకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. దారిలో దొరికిన బోరు నీళ్ళు ఏండ్ల తరబడి పోసిన కారు ఎండకాలములో కాగిపోవడములో వింత ఏమీ లేదు. వాననీరుగాని, స్వేదన జలముగాని కూలెంటు ద్రవముతో కలిపి పోయవలె. పెంకు పట్టిన రేడియేటరును నిమ్మ ఉప్పు వంటి బలహీనమైన ఆమ్లముతో కడుగుతారు. తాండూరు బండ ముక్క మీద నిమ్మరసము పిండితే లేచే నురుగు ఆ కడుగుడుకు నమూనా.

కాగిపోయిన కారులో అన్నిటికన్న పెద్ద ప్రమాదము ఇంజనుకు కాదు, మూత తీసేవానికి. రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు ఉండి లోపలి పీడనమును పెంచి ఉంచుతుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల అదనపు పీడనములో నీరు 100 డిగ్రీలకు బదులు ఇంచుమించు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 105 డిగ్రీల నీరు లోపల నిశ్శబ్దముగా ఉన్నదనుకొనండి. మూత తీయగానే పీడనము పడిపోతుంది. ఆ నీరు ఒక్కసారిగా మరిగి ముఖము మీదికి లేస్తుంది. వికారాబాదు సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైన ఉన్నది; అక్కడ బయటి గాలిలో నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది గనుక ఈ ఉధృతము ఇంకా కొంచెము ఎక్కువ. పై గొట్టము చేతితో పట్టుకొనగలిగేంత చల్లబడేవరకు మూత ముట్టుకొనరాదు.

థర్మోస్టాటు పనిచేస్తున్నదో లేదో వంట గదిలోనే తెలుసుకొనవచ్చును. గిన్నెలో నీళ్ళలో దారముతో వ్రేలాడదీసి, ఉష్ణమాపకము పెట్టి కాచవలె. సాధారణముగా 82 డిగ్రీల ప్రాంతములో అది తెరచుకొనవలె. ‘మన ఎండలకు ఇదెందుకు’ అని దానిని తీసి పారవేసేవారు చాలమంది ఉన్నారు. అప్పుడు ఇంజను తగినంత వేడెక్కక, పెట్రోలు ఎక్కువ త్రాగి, సిలిండర్లు త్వరగా అరుగుతవి. ఆయిలు కొలిచే కర్రకు మీగడ వంటి తెల్లని జిగురు అంటుకొన్నట్లయితే నీరు ఆయిలులో కలుస్తున్నదన్న మాట. అది హెడ్ గ్యాస్కెట్ పని. రోడ్డు ప్రక్కన అయ్యేది కాదు.

విద్యుత్తు దోషములలో ఎక్కువ భాగము తెగిన తీగలు కావు, సరిగా అంటని కీళ్ళు. సెల్ఫు నొక్కితే ‘టక్’ మని ఊరుకొన్న కారుకు హెడ్‌లైట్లు వేసి మళ్ళీ నొక్కి చూడవలె. లైట్లు ఆరినంత పని అయితే బ్యాటరీ బలహీనమో, కీలు వదులో. లైట్లు చెక్కు చెదరక వెలుగుతుంటే ప్రవాహము సెల్ఫు దాకా పోనే లేదు. ఓము నియమమును ఇక్కడ జ్ఞాపకము చేసుకొనవలె. సెల్ఫు మోటారు లాగేది 200 ఆంపియర్లనుకొంటే, తెల్లని పొడి పట్టిన ఒక్క కీలులో ఓములో నూరవ వంతు నిరోధము ఉన్నా రెండు వోల్టులు అక్కడే ఖర్చవుతవి. ఆ కీలు ద్వారా రేడియో పలుకుతుంది, హారను మ్రోగుతుంది. సెల్ఫు మాత్రము తిరగదు.

ఎర్తు పట్టీ సంగతి మరీ చిత్రమైనది. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చొని ఉంటుంది. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు గనుక ఇంజనును కారు శరీరానికి కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. అది తెగినప్పుడు ప్రవాహము వేరు దారి వెదుక్కొని చోకు తీగ గుండానో, యాక్సిలరేటరు తీగ గుండానో పోతుంది. అవి అంత ప్రవాహానికి పనికిరావు. సెల్ఫు కొట్టినప్పుడల్లా చోకు పిడి వేడెక్కుతున్నదంటే చోకును విప్పనక్కరలేదు, పట్టీని వెదకవలె.

రాతి గనుల దారిలో, సిమెంటు లారీల వెనుక తిరిగే కారుకు గాలి వడపోత ముక్కు వంటిది. అది మూసుకొనిపోతే గాలి పాలు తగ్గి, ప్లగ్గులు మసిపట్టి, నల్లని పొగ వస్తుంది. కొన్ని పాత కార్లలో ఈ వడపోత క్రింద నూనె తొట్టె ఉంటుంది. ఆ నూనె బురదగా మారితే మార్చవలె. ప్లగ్గు కొనను చూచి ఇంజను ఆరోగ్యము చెప్పవచ్చును. పాలు కలిపిన టీ రంగు మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. నూనె జిడ్డు ఉంటే పిస్టను రింగులో, వాల్వు దారులో అరిగినవి. సున్నము వలె తెల్లనైతే పెట్రోలు తక్కువై అతిగా వేడెక్కుతున్నది. ప్లగ్గులు తీసినప్పుడు తీగలకు గుర్తులు పెట్టుకొనడము మరువరాదు. అంబాసిడర్‌లో రవ్వ 1, 3, 4, 2 అన్న వరుసలో పోతుంది. తీగలు తారుమారైతే ఇంజను తుపాకి వలె ప్రేలుతుంది.

ఈ కార్లు పుట్టినప్పటి పెట్రోలు ఇప్పుడు లేదు. సీసము కలిపిన పెట్రోలు మన దేశములో 2000 ఫిబ్రవరిలో నిలిచిపోయినది. ఆ సీసము వాల్వు కూర్చొనే అంచుకు మెత్తలా పనిచేసేది. అది పోయిన తరువాత పాత ఇంజన్లలో ఆ అంచులు కొంచెము కొంచెముగా అరిగి, వాల్వులు లోపలికి దిగి, టాపెట్ల సందు తగ్గుతూ వస్తుంది. టాపెట్ల చప్పుడు తగ్గినదని సంతోషించరాదు! సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకొనక కాలిపోతుంది.

రెండవ మార్పు ఇటీవలిది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలపడము వచ్చినది. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను ఉబ్బజేసి పగులగొడుతుంది. గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ట్యాంకు అడుగున ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని కదల్చి ఫిల్టరులోనికి తెస్తుంది. కొత్త పెట్రోలు పోసిన కొన్ని వారములకు కారు ముక్కుతూ నడిస్తే ముందు ఫిల్టరును చూడవలె. గొట్టములను ఇథనాలుకు తట్టుకొనే రకముతో మార్చడము ఖర్చు కాదు, అగ్నిప్రమాదము నుండి రక్షణ. ఇథనాలులో తన ఆమ్లజని తనకే కొంత ఉన్నది గనుక ఈ మిశ్రమానికి పదిహేను పాళ్ళ గాలి అక్కరలేదు, ఇంచుమించు పదమూడున్నర చాలును. కొత్త కారులోని కంప్యూటరు ఈ భేదమును తానే సర్దుకొంటుంది. పాత కార్బురేటరు మాత్రము పూర్వపు లెక్క ప్రకారమే కొలిచి పోస్తుంది. ఫలితముగా మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, ప్లగ్గులు తెల్లబడతవి. అనేక అంబాసిడర్లలో ఉన్న ఎస్.యు. కార్బురేటరుకు క్రింద ఆరు పలకల నట్టు ఒకటి ఉన్నది. దానిని క్రిందికి తిప్పితే జెట్టు దిగి పెట్రోలు పెరుగుతుంది. తిప్పేటప్పుడు ఒక్క పలక మాత్రమే తిప్పి, పది కిలోమీటర్లు నడిపి, చల్లబడిన తరువాత ప్లగ్గు తీసి రంగు చూడవలె. టీ రంగు రాకపోతే మరొక పలక.